అనుమానానికీ ఓ వరుస

స్కాలర్‌షిప్ దరఖాస్తుకు చివరి తేదీ అనుకోండి. మధ్యాహ్నం మూడు దాటింది. రామన్నపేటలో ఓ ఆన్‌లైన్ సెంటర్. బెంచీ మీద డిగ్రీ పిల్లలు, తలుపు దగ్గర ఆదాయం సర్టిఫికెట్ కోసం వచ్చిన పెద్దాయన, ఎప్‌సెట్ ఫీజు కట్టడానికి కూతుర్ని వెంటబెట్టుకొచ్చిన తల్లి. ఆపరేటర్ సగం ఫారం నింపాడు. టప్‌మని తెర నల్లబడింది.

"ఏమాయె అన్నా?"

"తెర పోయింది."

"కరెంటున్నది గదా?"

"ఫ్యాన్ తిరుగుతనే ఉన్నది."

"గట్లయితే మానిటర్ కాలింది. మా బామ్మర్ది కాడ గిట్లనే అయితే కొత్తది తెచ్చిండు."

ఇంత మాట రావడానికి అరనిమిషం పట్టలేదు. మానిటర్‌ను ఎవరూ ముట్టుకోలేదు, వెనక్కి తిప్పి చూడలేదు, దాని కింద చిన్న లైటు వెలుగుతోందో లేదో కూడా గమనించలేదు. తీర్పు మాత్రం వచ్చేసింది. వెంటనే మూడు పనులు జరుగుతాయి. ఒకరు మానిటర్ నెత్తి మీద చరుస్తారు. ఇంకొకరు పవర్ బటన్‌ను ఆపకుండా నొక్కుతారు. మూడోవాళ్లు సీపీయూ బటన్‌ను నొక్కి పట్టి ఆపేస్తారు. మొదటి రెండూ తెలివితక్కువ పనులే కానీ పెద్ద నష్టమేమీ లేదు. మూడోదానితో అప్పటిదాకా నింపిన ఫారం నిజంగానే పోతుంది.

చిత్రమేమిటంటే ఇదే మనుషులు పొలంలో మోటారు ఆగితే ఇట్లా చేయరు. నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట భూముల్లో బోరును నమ్ముకుని బతికిన రైతు ఎవరినైనా అడగండి. మోటారు నీళ్లు పోయకపోతే ముందు కరెంటు ఉందో లేదో చూస్తాడు. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు. తర్వాత స్టార్టర్ డబ్బా తెరిచి మూడు ఫేజులూ వస్తున్నాయా, కండెన్సర్ ఉబ్బిందా, కేబుల్ జాయింట్ దగ్గర కమిలిందా అని వరుసగా చూసుకుంటాడు. ఇవన్నీ అయ్యాకే మోటారు పైకి తీయించే మాట. వందల అడుగుల లోతు నుంచి పైపులూ మోటారూ బయటికి లాగడమంటే వేలల్లో ఖర్చు. తీరా తీశాక మోటారు బాగానే ఉందని తేలితే ఆ డబ్బు బోరులో పోసినట్టే. అందుకే అగ్గువగా తేలేది ముందు, పిరంగా తేలేది వెనక. ఈ వరుస ఆయనకు ఎవరూ క్లాసు పెట్టి చెప్పలేదు. జేబు నేర్పింది.

ఈ అధ్యాయంలో నేను చెప్పేదంతా ఆ వరుసను టేబుల్ మీదికి తేవడం గురించే. మీకు ఎలక్ట్రానిక్స్ రానవసరం లేదు. స్క్రూడ్రైవర్ అవసరం కూడా చాలామందికి రాదు. కావలసిందల్లా, తెలియనిదాని మీద తీర్పు చెప్పకుండా పావుగంట ఆగగలగడం. పక్కన క్యూ నిలబడి ఉన్నప్పుడు అదేమీ చిన్న విషయం కాదు.

మొదటి నిమిషం

తెర నల్లబడింది. చేతులు కీబోర్డు మీద నుంచి తీయకండి. క్యాప్స్ లాక్ నొక్కండి. కీబోర్డు మీద దాని లైటు వెలిగి, మళ్లీ నొక్కితే ఆరుతోందా? అయితే కంప్యూటర్ బతికే ఉంది. మీరు చేసిన పని లోపల అట్లాగే ఉంది, మీకు కనబడడం లేదంతే. వర్డ్‌లో పిటిషనో, ఎక్సెల్‌లో లెక్కలో చేస్తూ ఉంటే కంట్రోల్, ఎస్ కలిపి నొక్కండి. ముందే పేరు పెట్టిన ఫైలైతే భద్రమవుతుంది. పేరు పెట్టని ఫైలైతే పేరు అడిగే డబ్బా తెరుచుకుంటుంది. అది మీకు కనబడకపోయినా ఒకసారి ఎంటర్ కొట్టండి, చాలాసార్లు అదే ఏదో ఒక పేరు పెట్టుకుని దాచుకుంటుంది. వెబ్‌సైట్‌లో నింపుతున్న ఫారానికి ఈ సౌకర్యం ఉండకపోవచ్చు. అయినా సీపీయూ ఆపకుండా తెర ఒక్కదాన్ని తిరిగి తెచ్చుకోగలిగితే ఆ ఫారమూ దక్కుతుంది.

తర్వాత విండోస్ బొమ్మ ఉన్న కీ, కంట్రోల్, షిఫ్ట్, బి, ఈ నాలుగూ ఒకేసారి నొక్కండి. చిన్న బీప్ వినిపించి తెర ఒకసారి మినుకుమంటుంది. బొమ్మను తెరకు పంపే డ్రైవర్ ఇరుక్కుపోతే దీంతో మళ్లీ లేస్తుంది. కుర్చీలోంచి లేవకుండా, ఏదీ పీకకుండా చేయగలిగిన పని ఇది. ల్యాప్‌టాప్‌కు బయటి మానిటర్ పెట్టుకున్నవాళ్లు విండోస్ కీ, పి కలిపి కూడా చూడాలి. పిల్లలు ఆడుతూ ఏదో నొక్కితే బొమ్మ ఒక తెరకే వెళ్లేలా మారిపోతుంది. ఇట్లా 'పోయిన' మానిటర్లు చాలా ఉంటాయి.

క్యాప్స్ లాక్ లైటు కదలకపోతే కంప్యూటరే బిగుసుకుపోయింది. మానిటర్‌ను వదిలేసి మీ అనుమానాన్ని అటు తిప్పండి.

మానిటర్‌ను సాక్ష్యం అడగడం

మానిటర్ కింద అంచునో, కుడివైపు మూలనో చిన్న లైటు ఉంటుంది. నీలం, పచ్చ, తెలుపు, ఏదైనా కావచ్చు. నిలకడగా వెలుగుతూ ఉంటే మానిటర్‌కు కరెంటు అందుతోంది, తాను పనిచేస్తున్నాననే అనుకుంటోంది. నారింజ రంగులోకి మారితేనో, మెల్లగా మినుకుతూ ఉంటేనో సాధారణంగా నిద్రలో ఉందని అర్థం: నాకు బొమ్మ రావడం లేదు, అందుకే కళ్లు మూసుకున్నా అంటోంది. అసలు లైటే లేకపోతే కరెంటు వైపు చూడాలి.

లైటు లేదనుకుందాం. గోడ బోర్డులో స్విచ్, ఎక్స్‌టెన్షన్ బాక్స్, యూపీఎస్ వెనక సాకెట్, మానిటర్ వెనక గుచ్చిన పిన్ను. ఈ నాలుగు చోట్లా వైరు వదులుగా ఉందేమో చూడండి. ఊడ్చేటప్పుడు చీపురు తగిలినా చాలు, మానిటర్ వెనక పిన్ను అరంగుళం జారుతుంది. చూస్తే గుచ్చినట్టే ఉంటుంది, లోపల మాత్రం ఆనదు. ఇక్కడ ఒక చిట్కా. చాలా మానిటర్ల పవర్ వైరూ సీపీయూ పవర్ వైరూ ఒకటే రకం. పని భద్రం చేసుకుని, సీపీయూను పద్ధతిగా ఆపి, దాని వైరు తీసి మానిటర్‌కు గుచ్చండి. లైటు వచ్చిందా? పోయింది వైరే. షాపులో కొత్త వైరు కొనుక్కుంటే కథ ముగిసింది.

కొన్ని మానిటర్లకు నేరుగా కరెంటు వైరు ఉండదు, నల్లటి అడాప్టర్ డబ్బా ఉంటుంది. వీటితో జాగ్రత్త. ఒకటి 12 వోల్టులది, ఇంకొకటి 19 వోల్టులది ఉంటుంది. పిన్ను చూడడానికి ఒకేలా ఉన్నా 19 వోల్టుల అడాప్టర్‌ను 12 వోల్టుల మానిటర్‌కు గుచ్చితే, అప్పటిదాకా బతికున్న మానిటర్ అప్పుడు నిజంగా చస్తుంది. అడాప్టర్ మీద రాసిందీ మానిటర్ వెనక రాసిందీ చదివి, వోల్టులు సరిగ్గా సరిపోయి, ఆంపియర్లు అంతే గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటేనే మార్చి చూడాలి. పిన్ను మధ్య భాగం ప్లస్సా మైనస్సా అని చూపే చిన్న బొమ్మ కూడా ఉంటుంది, అదీ కలవాలి.

ఇప్పుడు లైటు ఉంది, బొమ్మ లేదు. ఇక్కడే అన్నిటికంటే పదునైన పరీక్ష చేయాలి, ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే దీన్ని గుర్తుంచుకోండి. మానిటర్ పవర్ ఆన్‌లోనే ఉంచి, సీపీయూ నుంచి వచ్చే బొమ్మ వైరు, అంటే వీజీఏ గానీ హెచ్‌డీఎంఐ గానీ, మానిటర్ వైపు నుంచి తీసేయండి. మానిటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి. తెర మీద 'నో సిగ్నల్' అనో, 'కేబుల్ చూసుకోండి' అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ మాటలో కనిపించాయా? మానిటర్‌కు ఏమీ కాలేదు. దాని కరెంటు భాగం, వెలుగు, గాజు తెర అన్నీ బాగున్నాయి కాబట్టే ఆ మాట రాయగలిగింది. జనం ఆ 'నో సిగ్నల్' డబ్బా చూసి కంగారుపడతారు. నిజానికి అంతకు మించిన మంచి వార్త లేదు. రోగం చాలావరకు వైరులోనో, సీపీయూలోనో ఉంటుంది.

వీజీఏ వైరును పరిశీలించండి. నీలం రంగు పిన్ను, రెండు పక్కలా మరలు, మూడు వరుసల్లో మొత్తం 15 సూదుల చోట్లు. ఏదైనా సూది వంగి ఉంటే సన్నటి పట్టకారుతో నెమ్మదిగా నిలబెట్టవచ్చు. మధ్య వరుసలో ఒక సూది లేకుండా ఉంటే గుండె పట్టుకోకండి. తొమ్మిదో సూది చాలా వైర్లలో తయారీలోనే ఉండదు. మరలు బిగించకుండా వదిలేసిన వీజీఏ వైరు టేబుల్ కదిలినప్పుడల్లా జారుతుంది. తెర పచ్చగానో గులాబీ రంగుగానో మారుతోందంటే ఒక రంగు సూది ఆనడం లేదని అర్థం.

సీపీయూ వెనక బొమ్మ వైరు గుచ్చే చోట్లు రెండు ఉండవచ్చు. ఒకటి మదర్‌బోర్డుది, కొంచెం కింద అడ్డంగా ఉన్నది గ్రాఫిక్స్ కార్డుది. దుమ్ము దులిపి మళ్లీ పెట్టినప్పుడు వైరు ఒకదాని బదులు ఇంకోదానికి పడుతుంది. అదీ చూడండి. మానిటర్ బటన్ల మెనూలో 'ఇన్‌పుట్' అని ఉంటుంది. తెర తుడుస్తూ వేలు తగిలితే అది హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మారిపోతుంది. ఇవన్నీ అయ్యాక కూడా బొమ్మ రాకపోతే, సీపీయూ ఆన్ చేసినప్పుడు బీప్‌లు వినిపిస్తున్నాయా అని చెవి పెట్టండి. వరుసగా బీప్‌లు వస్తే చాలాసార్లు ర్యామ్ సంగతే. కరెంటు వైరు పూర్తిగా తీసేసి, ర్యామ్ పట్టీ ఊడదీసి, బంగారు రంగు కొనలను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, రజను దులిపి మళ్లీ బిగిస్తే లేచి కూర్చున్న కంప్యూటర్లు ఈ దుమ్ము నేలలో లెక్కలేనన్ని.

ఒక్క షరతు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. వైరూ, సాకెట్టూ, పోర్టూ మూడూ ఒకేసారి మారిస్తే తెర వచ్చినా ఏది పోయిందో తెలియదు. పాడైన వైరు మళ్లీ డ్రాయర్‌లోకే వెళుతుంది, ఎప్పుడో మళ్లీ మోసం చేస్తుంది. ఒక తెల్ల కాగితం మీద 'వైరు మార్చా, రాలేదు', 'పోర్టు మార్చా, రాలేదు' అని రాసుకుంటూ పోండి. కంగారులో ఉన్న మెదడు చేసిన పనే మళ్లీ చేస్తుంది, కాగితం చేయనివ్వదు.

టార్చిలైటు పరీక్ష

లైటు వెలుగుతోంది, వైరు తీస్తే 'నో సిగ్నల్' కూడా కనబడలేదు. అప్పుడు తీసిన వైరు మళ్లీ గుచ్చి, గదిలో లైట్లు ఆపండి. సెల్‌ఫోన్ టార్చి తెరకు దగ్గరగా, ఏటవాలుగా వేసి చూడండి. నల్లటి తెర లోపల ఐకాన్లు, అక్షరాలు మసకగా నీడల్లా కనిపిస్తున్నాయా? అయితే తెర బొమ్మను గీస్తూనే ఉంది, దాని వెనక వెలుగు మాత్రం ఆరిపోయింది. ఎల్‌సీడీ తెరకు సొంత వెలుగు ఉండదు. పాత వాటిలో వెనకాల పెన్సిల్ కంటే సన్నటి ట్యూబ్‌లైట్లు ఉంటాయి, ఆ తర్వాత వచ్చినవాటిలో ఎల్‌ఈడీ పట్టీలు. ఆన్ చేయగానే రెండు క్షణాలు బొమ్మ వచ్చి ఆరిపోయేదీ చాలాసార్లు ఈ జబ్బే. మెకానిక్‌కు ఫోన్ చేసి 'టార్చి వేస్తే లోపల బొమ్మ కనబడుతోంది, వెనక లైటు రావడం లేదు' అని చెప్పి చూడండి. అవతలి గొంతు మారుతుంది. తెలిసిన మనిషితో మాట్లాడుతున్నానని అర్థమవుతుంది.

లో వోల్టేజీ మీద వేసే నింద

మన వైపు ఏ సామాను పోయినా ముందు పడే నింద లో వోల్టేజీ మీద. మోటార్ల విషయంలో అది న్యాయమే. బోర్లన్నీ ఒక్కసారి ఆన్ అయినప్పుడు వోల్టేజీ పడిపోవడం, మోటారు వైండింగ్ కాలడం ఈ ప్రాంతానికి దశాబ్దాల అనుభవం. వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి మొదలయ్యేదాకా రైతులు రాత్రి పూట ఫేజు కోసం కాపలా కాసిన సంగతి ఇక్కడివాళ్లకు చెప్పాలా? కానీ మానిటర్ వెనక అంటించిన కాగితం ఒకసారి చదవండి. 100-240 వోల్టులు అని ఉంటుంది. లోపలున్న పవర్ సప్లై తక్కువ వోల్టేజీని తట్టుకునేలానే తయారైంది. ట్యూబ్‌లైటు వెలగనంత డిమ్‌లో కూడా మానిటర్ పనిచేయడం మీరూ చూసే ఉంటారు. దాన్ని చంపేది తక్కువ కాదు, ఎక్కువ.

ఎక్కువ ఎక్కణ్నుంచి వస్తుంది? కరెంటు పోయి తిరిగొచ్చే క్షణంలో. ఎండాకాలం చివర్లో గాలిదుమారంతో పడే పిడుగుల్లో. అన్నిటికంటే ప్రమాదం న్యూట్రల్ తెగినప్పుడు. స్తంభం నుంచి వచ్చే ఒక్కో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు, రెండు ఫేజుల మధ్య దాదాపు 400. న్యూట్రల్ తీగ తెగితే ఇళ్ల మధ్య వోల్టేజీ సరిగా పంచుకోదు. తక్కువ సామాను ఆన్‌లో ఉన్న ఇంటికి 230 బదులు 300, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే వచ్చి పడుతుంది. ఒక ఇంట్లో బల్బు మిరమిట్లు గొలుపుతూ, పక్కింట్లో దీపంలా మినుకుమంటోందంటే అదే గుర్తు. వెంటనే మెయిన్ దించేసి 1912కు ఫోన్ చేయండి. ఆ పూట వీధిలో టీవీలు, మానిటర్లు, సెట్‌టాప్ బాక్సులు ఒక్కసారే పోతాయి. మంచి మానిటర్లలో ఇలాంటి దెబ్బకు అడ్డం పడడానికి బొత్తాం లాంటి చిన్న భాగం, ఒక ఫ్యూజు ఉంటాయి. అవి తమను తాము బలిచ్చుకుంటాయి. అలాంటప్పుడు మెకానిక్ ఆ రెండూ మార్చితే మానిటర్ తిరిగి లేచే అవకాశం ఉంది. ఫ్యూజు మాత్రం అదే రేటింగుది వేయాలి. తీగముక్క చుట్టి నడిపిస్తానంటే ఒప్పుకోకండి, అది మంట పెట్టడమే.

ఇంకొకటి ఎర్తింగ్. సీపీయూ డబ్బా ఇనుపభాగం ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటోందా? చాలాసార్లు మీ బిల్డింగుకు సరైన ఎర్తింగ్ లేదనే దానికి గుర్తు. బొగ్గూ ఉప్పూ పోసి కట్టిన ఎర్త్ గుంత మన మెట్ట నేలలో ఎండాకాలానికి ఎండిపోతుంది. ఎండితే పనిచేయదు. అప్పుడప్పుడూ రెండు బిందెల నీళ్లు పోయించడం మీ పనే, ఎలక్ట్రీషియన్ పని కాదు. ఎర్తింగ్ లేనిచోట రెండు యంత్రాలూ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ వైరు గుచ్చితే పోర్టు కాలే ప్రమాదం ఉంది. రెండూ ఆపి, గుచ్చి, తర్వాతే ఆన్ చేయండి. కరెంటు పోయినప్పుడు ప్లగ్ తీసి ఉంచి, వచ్చాక రెండు నిమిషాలు ఆగి పెట్టడం ఖర్చు లేని బీమా.

ఎక్కడ ఆగాలి

ఇప్పటిదాకా చెప్పినవి ఇంటర్ చదివే పిల్ల కూడా చేయగలదు. ఇక మీదట మూత విప్పాలి. ఇక్కడ నేను మొండిగా ఉంటాను. సోల్డరింగ్ మీకు చేతకాకపోతే విప్పకండి. ప్లగ్ తీసేసిన మానిటర్ లోపల కూడా పెద్ద కండెన్సర్‌లో 325 వోల్టుల దాకా కరెంటు నిలిచి ఉండవచ్చు. పాత లావుపాటి సీఆర్‌టీ మానిటరైతే దాని ట్యూబులో 20 వేల వోల్టులకు మించి ఉంటుంది, ఆపిన తర్వాత కూడా అందులో ప్రమాదకరమైనంత నిలిచి ఉండవచ్చు. దాన్ని అనుభవం లేనివాళ్లు ముట్టుకోకూడదు. యూట్యూబ్‌లో చూశాం కదా అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు.

విప్పకపోయినా లోపల ఏం జరుగుతుందో తెలిసి ఉండడం మంచిది. మానిటర్లలో ఎక్కువగా పోయేవి పవర్ బోర్డు మీది కండెన్సర్లు. చిన్న డబ్బాల్లా నిలబడి ఉంటాయి, నెత్తి మీద ప్లస్ గుర్తులా గాటు ఉంటుంది. బాగున్నదాని నెత్తి చదునుగా ఉంటుంది. పోయినదానిది పూరీలా ఉబ్బుతుంది, గాటు విచ్చుకుంటుంది, కొన్నిసార్లు గోధుమరంగు జిగురు కారి ఎండి ఉంటుంది. ఈ జబ్బు ముందే చెప్పి వస్తుంది: ఆన్ చేస్తే వెంటనే రాదు, లైటు మినుకుతుంది, నాలుగైదుసార్లు నొక్కితే వస్తుంది, కొన్నాళ్లకు అసలే రాదు. 2000 దశకం మొదట్లో నాసిరకం ద్రవం నింపిన కండెన్సర్లు ప్రపంచమంతటా మార్కెట్లోకి వచ్చి, మదర్‌బోర్డులూ మానిటర్లూ కుప్పలుగా చెడిపోయాయి. పేరున్న కంపెనీలకూ ఆ దెబ్బ తప్పలేదు.

కండెన్సర్‌కు అసలు శత్రువు వేడి. పది డిగ్రీలు వేడి తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందన్నది ఈ రంగంలో అందరూ పాటించే లెక్క. రేకుల షెడ్డులో, గోడకు ఆనించి, వెనక గాలి ఆడకుండా, దుమ్ము పట్టకుండా గుడ్డ కప్పి రోజంతా ఆన్‌లో ఉంచే మానిటర్‌కు మే నెలలో ఏం జరుగుతుందో ఆలోచించండి. గుడ్డ తీసేయండి. గోడకు జానెడు దూరం జరపండి. రాత్రి ఇంటికెళ్లేటప్పుడు స్విచ్ దగ్గరే ఆపండి.

కండెన్సర్ ధర కొద్ది రూపాయలే. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరకని ఎలక్ట్రానిక్ భాగం ఉండదంటారు, కంప్యూటర్ సామానుకు సికింద్రాబాద్‌లో సీటీసీ అనే షాపుల సముదాయం. రామన్నపేట నుంచి రైలెక్కితే సికింద్రాబాద్ దూరమేమీ కాదు. అయితే దారి ఖర్చులు పెట్టుకుని వెళ్లే ముందు ఒకటి తేల్చుకోండి. గాజు తెర పగిలినా, తెర లోపల సిరా ఒలికినట్టు నల్లమచ్చ పాకినా రిపేరు అనవద్దు. ఆ ప్యానెల్ ధర కొత్త మానిటర్ ధరకు దగ్గరగా వస్తుంది. పాత ట్యూబ్‌లైట్ రకం మానిటర్‌లో వెనక వెలుగు పోయినా నేనైతే డబ్బు పెట్టను. పవర్ బోర్డు, అడాప్టర్, వైరు, బటన్లు పోతే మాత్రం నిస్సందేహంగా బాగు చేయించండి.

మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు

"మానిటర్ పోయింది, చూడన్నా" అంటే మెకానిక్ చేతికి తెల్ల కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చినట్టే. మీరు చూసింది చెప్పండి, మీకు తోచింది కాదు. "నిన్న సాయంత్రం కరెంటు పోయి వచ్చినప్పటి నుంచి లైటు రావడం లేదు, వైరు మార్చి చూశా" అనండి చాలు. అతనికి గంట పని తగ్గుతుంది, మీకు డబ్బు తగ్గుతుంది. విప్పేముందే ఎంతవుతుందో అడగండి. మార్చిన పాత భాగాన్ని తిరిగి ఇమ్మనండి. ఇందులో అవమానించడమేమీ లేదు, నిజాయతీగా పనిచేసే మెకానిక్ అడగకుండానే ఇస్తాడు. మీరు వదిలి వెళ్లేముందు వెనకనున్న సీరియల్ నంబరును ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

అంతకంటే ముందు బిల్లు వెతకండి. చాలా కంపెనీలు మానిటర్‌కు మూడేళ్ల వారంటీ ఇస్తాయి. చాలామంది మొదటి ఏడాది దాటగానే అయిపోయిందనుకుని బయట విప్పిస్తారు. బయట విప్పించిన మానిటర్‌కు కంపెనీ వారంటీ దక్కడం కష్టం. వారంటీ ఉండీ చేయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ కూడా మొదలుపెట్టింది. అందులో చేరిన కంపెనీల సర్వీసు, విడిభాగాల, వారంటీ వివరాలు ఒకచోట దొరుకుతాయి.

ఇదే పద్ధతిని వ్యాపారంలో గిరాకీ తగ్గినప్పుడూ, పిల్లవాడికి మార్కులు తగ్గినప్పుడూ ఎట్లా వాడాలో చెబుతూ ఇంకో నాలుగు పేజీలు రాయవచ్చు. రాయను. ఒకసారి చేత్తో వైరు తీసి, 'నో సిగ్నల్' చూసి, కాగితం మీద రాసుకున్నవాళ్లకు ఆ పేజీలు అక్కర్లేదు.

రేపు కరెంటు ఉన్నప్పుడు, పని లేనప్పుడు, మీ మానిటర్ బాగానే ఉండగానే ఈ పరీక్షలు ఒకసారి చేసి చూడండి. లైటు ఏ రంగులో వెలుగుతుందో, వైరు తీస్తే ఏ మాటలు వస్తాయో, అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు రాసి ఉందో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. మీరు లేని రోజున కౌంటర్‌లో కూర్చునే చెల్లెలికో తమ్ముడికో అది అక్కరకొస్తుంది. పక్కనే 1912, 1915, నమ్మకమైన మెకానిక్ నంబరు కూడా రాయండి.

నిజంగా పోయిన మానిటర్‌ను మాత్రం పెంటకుప్ప మీద వేయకండి, రాగి కోసం ఇంటి వెనక పగలగొట్టనివ్వకండి. సీఆర్‌టీ గాజులో సీసం ఉంటుంది, పాత ఎల్‌సీడీ ట్యూబుల్లో పాదరసం ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వీటి రీసైక్లింగ్ బాధ్యత తయారీ కంపెనీలది. కొత్తది కొనే షాపులో పాతదాన్ని తీసుకుంటారా అని తప్పకుండా అడగండి.